తోడికోడలి కోటు

ఆ వీధిలో ఆమెను అందరూ టైలరక్క అనేవాళ్ళు. వయసులో పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు. రెండు వీధుల అవతల, ఆఫీసులున్న ఓ పెద్ద భవనంలో మెట్ల కింద ఆమె దుకాణం. ఒక కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం, బట్టలు మార్చుకోవడానికి తెర కట్టిన మూల, గుమ్మం పక్కన స్టూలు మీద కాజాలు కుట్టే పెద్దాయన. అంతే. అక్కడ కొత్తబట్టలు కుట్టరు. ఉన్నవాటిని మనిషికి సరిపెడతారు. పొడుగైన ప్యాంట్లు పొట్టి చేస్తారు, బిగుతైన చొక్కాలు వదులు చేస్తారు, పాడైన జిప్పులు మారుస్తారు.

టైలరక్క పనిలో దిట్ట. మనిషిని ఓసారి ఎగాదిగా చూసిందంటే నడుము కొలత అర అంగుళం అటూ ఇటూగా చెప్పేసేది. టేపు పెట్టి చూస్తే అంతే ఉండేది. "నీ కళ్ళు కళ్ళు కావమ్మా, దుకాణం పెట్టుబడి" అనేవాడు పెద్దాయన. అలాంటి కళ్ళున్న మనిషికి తన ఒంటి మీద తనకే అసహ్యం పుడితే ఎంత నరకమో చెప్పక్కర్లేదు.

పెళ్ళయిన ఆరేళ్ళకి ఆమె కడుపు పండింది. ఆ ఆరేళ్ళలో ఎన్ని పరీక్షలు, ఎంతమంది సలహాలు, ఎన్ని నిట్టూర్పులు! చివరికి నెల తప్పిందని తెలిసిన రోజు, కబురు ముందు అత్తగారికి చెబుదామని పరుగున ఇంటికి వచ్చింది. వచ్చేసరికి అత్తగారు పై అంతస్తులో ఉంది. మరిది పెళ్ళయి అప్పటికి మూడు నెలలు. చిన్నకోడలికి పొద్దుటి నుంచీ వాంతులు. అత్తగారు కొత్తకోడలి వీపు నిమురుతూ, వెనక్కి తిరిగి, "విన్నావా, చిన్నమ్మాయి నీళ్ళోసుకుంది!" అంది ముఖమంతా నవ్వుతో.

టైలరక్క మెట్ల మీదే నిలబడి, "నేనూ అత్తయ్యా" అంది.

అత్తగారు సంతోషించింది, కాదనడానికి లేదు. ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. కానీ ఆరేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న కబురు ఆ ఇంట్లో సగం కబురైపోయిందని టైలరక్కకి ఆ క్షణాన గుచ్చుకున్న ముల్లు, తర్వాత ఎన్నాళ్ళకీ ఊడి రాలేదు.

పదిహేడు రోజుల తేడాతో ఇద్దరూ ప్రసవించారు. ఈమెకి పాప, ఆమెకి బాబు. కింద అత్తగారితో పెద్దకోడలి కాపురం, పైన చిన్నకోడలి కాపురం. వంటలు వేరైనా పిల్లలిద్దరూ రోజంతా కిందే, అత్తగారి దగ్గర పక్కపక్కనే పడుకునేవాళ్ళు. జనం చూడ్డానికి వచ్చేవాళ్ళు. ముందు పిల్లల్ని చూసేవాళ్ళు. తర్వాత తల్లుల్ని చూసేవాళ్ళు. అక్కడొచ్చింది చిక్కు.

చిన్నకోడలు బాలింతలా కనపడలేదు. నెలన్నర తిరిగేసరికి పొట్ట లోపలికి పోయింది. రెండో నెల దాటేసరికి బుగ్గలు కూడా తగ్గి, చెంప ఎముకలు తేలి, ఫొటోలో మనిషిలా తయారైంది. టైలరక్క మాత్రం కాన్పయిన వారానికి ఎలా ఉందో మూడు నెలలకి అంతకంటే ఎక్కువైంది. కాన్పుకి ముందు అరవై రెండు కిలోలుండే మనిషి. ఇప్పుడు బాత్రూము పక్కన ఉన్న తూకం మిషను మీద కాలు పెడితే ముల్లు డెబ్భై ఎనిమిది దగ్గర ఆగి, ఇంకా కొంచెం ముందుకి పోదామా అన్నట్టు ఊగేది.

ఒకరోజు చిన్నకోడలు చెప్పులతో, భుజాన బ్యాగుతో, సరదాగా ఆ తూకం ఎక్కింది. "యాభై ఒకటి! అత్తయ్యా, బ్యాగుతో కలిపి!" అంది.

అత్తగారు గడపలో కూర్చుని పాపకి నూనె రాస్తోంది. "పెళ్ళినాటికంటే తగ్గావే. అదృష్టవంతురాలివి" అని, అక్కడితో ఊరుకోకుండా, "మా పెద్దమ్మాయి గాలి పీల్చినా ఒళ్ళొచ్చేస్తోంది పాపం" అంది.

పాపం అన్న ఆ ఒక్క మాట లేకపోతే టైలరక్క సహించేదేమో. జాలి చూపించేసరికి ఒళ్ళు మండిపోయింది.

ఆమెకి ఏదో తేడాగా ఉందని మొదట కనిపెట్టింది కాజాల పెద్దాయనే. మిషను మీద కూర్చుని, కాలు పెడలు మీద ఉండగానే ఆమె కునుకు తీస్తోంది. ఎండాకాలంలో శాలువా కప్పుకుంటోంది. దువ్వెనకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తోంది. గొంతు బొంగురుపోయి, ఫోన్లో కస్టమర్లు "అయ్యా, అక్కకి ఇవ్వండి" అంటున్నారు. "ఇది బాలింత నీరసం కాదమ్మా. మా ఆవిడకి ఇలాగే ఉండేది. రక్తం పరీక్ష చేయించుకో" అన్నాడాయన. చేయించుకుంటే థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని తేలింది. డాక్టరమ్మ మాత్ర రాసి, "నీ గ్రంథి నిద్రపోతోంది, దాంతోపాటు ఒళ్ళంతా జోగుతోంది. మాత్ర వేసుకో, ఆరువారాల తర్వాత మళ్ళీ చూద్దాం" అంది.

ఒక రకంగా టైలరక్కకి ప్రాణం లేచొచ్చింది. తప్పు తనది కాదన్నమాట. ఇక మాత్ర పడగానే ఒళ్ళు మంచులా కరిగిపోతుందనుకుంది. రోజూ పొద్దున్నే కాన్పు తర్వాత ఇచ్చిన ఐరన్ మాత్ర, ఎముకలకని ఇచ్చిన కాల్షియం మాత్ర, ఈ కొత్త మాత్ర, మూడూ అరచేతిలో వేసుకుని గ్లాసెడు పాలతో గుటుక్కున మింగేసేది. ఓ పనైపోతుంది కదా అని. తెల్లవారుతూనే పార్కులో నడిచేది. సాయంత్రం అన్నం మానేసింది. పక్కవాళ్ళ కంచాల వంక చూడటం నేర్చుకుంది. థైరాయిడ్ అనేసరికి దుకాణానికి వచ్చేవాళ్ళంతా డాక్టర్లయ్యారు. బ్యాంకు మేడమ్ ఒకటి మానేయమంది, పైఅంతస్తు లాయరు అదే రెండుపూటలా తినమన్నాడు. నెలన్నర పాటు అన్నీ చేసింది. ముల్లు అర కిలో కూడా వెనక్కి జరగలేదు.

అదే నెలన్నరలో చిన్నకోడలు తినని వస్తువు లేదు. పైన తన వంట తిని, కిందికి వచ్చి, పెద్దకోడలి గిన్నెల మూతలు తీసేది. "అక్కా, ఇంకేమైనా ఉందా? ఆకలి దంచేస్తోంది."

"ఇప్పుడేగా తిన్నావ్?"

"తిన్నా. ఏం తిన్నా ఒంటికి పట్టట్లేదక్కా. మా ఆయన ఎముకలు గుచ్చుకుంటున్నాయని గొడవ."

అన్నం గరిటె చేతిలో పట్టుకుని టైలరక్క ఆ మాట విన్నది. ఒంటికి పట్టట్లేదట! దానికి అదొక బాధ! పుండు మీద కారం చల్లి, మండుతోందా అని అడిగినట్టుంది. తన భర్తతో చెప్పుకుంటే ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, "నువ్వెలా ఉన్నా నాకు బాగానే ఉంటావ్" అన్నాడు. అది మంచిమాటే. కానీ ఆమెకి కావాల్సింది భర్తకి బాగుండటం కాదు, చిన్నకోడలి పక్కన నిలబడినప్పుడు బాగుండటం. ఆ సంగతి పైకి అనే ధైర్యం ఏ ఆడదానికుంటుంది?

చిన్నకోడలికి ఓ హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం. మూడున్నర నెలల సెలవయ్యాక మళ్ళీ డ్యూటీకి వెళ్ళాలి. హోటలు వాళ్ళిచ్చిన ముదురునీలం కోటు, లోపల పట్టులాంటి లైనింగు, ఇత్తడి గుండీలు. ఓ ఆదివారం మధ్యాహ్నం దాన్ని తొడుక్కుని కిందికి వచ్చి, రెండు చేతులూ చాచి గిర్రున తిరిగింది.

"చూడక్కా, గోనెసంచిలా ఉంది. నడుము దగ్గర ఓ అంగుళం బిగించవా? రేపు పొద్దున్నే కావాలి."

టైలరక్క ఇంట్లోనూ ఓ పాత మిషను ఉంచుకుంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, సుద్దతో గీత గీసింది. ఒక్క అంగుళం. తన తల ఆ నడుము ఎత్తుకి సరిగ్గా ఉంది. రెండు చేతులూ కలిపితే అందేలా ఉంది ఆ నడుము. తన ఉంగరం మాత్రం వేలికి ఇరుక్కుపోయి, సబ్బు పెట్టినా ఊడక, కిందటి వారమే కత్తిరించి తీయించారు.

"ఇచ్చి వెళ్ళు చిన్నీ. సాయంత్రానికి చేసి ఉంచుతా" అంది.

ఆమె పైకి వెళ్ళాక, బ్రష్షు తీసుకుని ఆ సుద్దగీత చెరిపేసింది. ఇంకో అంగుళం లోపలికి కొత్త గీత గీసింది. కోటు ఒంటికి పట్టకూడదు. రేపు పొద్దున్న హోటల్లో గుండీ పెట్టుకోబోతే పడకూడదు. నలుగురి ముందూ ఎర్రబడి, సాయంత్రం తన దగ్గరికి వచ్చి, "అక్కా, కొంచెం వదులు చేయవా, లావయ్యాను" అనాలి. ఆ ఒక్క మాట తన చెవిన పడాలి. అంతకుమించి ఆమెకి ఏ చెడుపూ తలపెట్టలేదని టైలరక్క తర్వాత ఎన్నోసార్లు తనకి తాను చెప్పుకుంది. కుట్టేటప్పుడు లోపల మిగిలిన గుడ్డ మాత్రం కత్తిరించలేదు. కసి కసే, పని పనే. ఇంకొకరి కోటు పాడుచేయడానికి చెయ్యి రాలేదు.

మర్నాడు పొద్దున్న కిటికీ దగ్గర నిలబడి చూసింది. చిన్నకోడలు గుండీలన్నీ పెట్టుకుని, మెట్లు దిగి, "సూపరక్కా! కొలిచి పోతపోసినట్టుంది!" అని గాలిలో ముద్దు విసిరి వెళ్ళిపోయింది.

రెండంగుళాలు తీస్తే సరిపోవడమేమిటి? తన కళ్ళే మోసపోయాయా? ఆ రోజంతా టైలరక్క కత్తెర ఎక్కడ పెట్టిందో మరిచిపోతూనే ఉంది.

అసలు విషయం అక్కడితో ఆగలేదు. మూడు వారాలు గడిచాక ఓ సాయంత్రం చిన్నకోడలు డ్యూటీ నుంచి వచ్చి, కోటు విప్పి కుర్చీ మీద వేసి బాబుని ఎత్తుకుంది. వెనకవైపు నడుము దగ్గర లోపలి నుంచి పిన్నీసు పెట్టి ఉంది. టైలరక్క ఎవరూ చూడకుండా కోటు తీసి, ఆ పిన్నీసు పట్టిన మడతని వేళ్ళతో కొలిచింది. దాదాపు ఒకటిన్నర అంగుళం. రెండు అంగుళాలు బిగించిన కోటు మళ్ళీ ఒకటిన్నర అంగుళం వదులైంది. తిండి చూస్తే ఇద్దరి తిండి.

మొదట గుండె భగ్గుమంది. ఆ తర్వాత, పదిహేనేళ్ళుగా మనుషుల కొలతలు చూసిన బుర్ర నెమ్మదిగా మాట్లాడింది. మూడు వారాల్లో ఇలా తగ్గే ఒళ్ళు ఆరోగ్యంగా ఉన్న ఒళ్ళు కాదు. ఆ మాటని టైలరక్క నోరు నొక్కి కూర్చోబెట్టింది.

ఆ వారమే ఆమె డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. బయట గదిలో కూర్చుంటే ఎదురుగా గోడ మీద ఓ పటం. థైరాయిడ్ తక్కువైతే ఏమవుతుందో ఎడమవైపు, ఎక్కువైతే ఏమవుతుందో కుడివైపు రాసి ఉంది. ఎడమవైపుది ఆమెకి కంఠతా వచ్చు. అది తన జాతకం. ఆ రోజు పిలుపు ఆలస్యమై, తోచక కుడివైపు చదివింది. ఎంత తిన్నా బరువు తగ్గడం. గుండెదడ. చేతులు వణకడం. చెమటలు. నిద్ర పట్టకపోవడం. ఊరికే కోపం. కాన్పయిన కొన్ని నెలల్లో కొందరికి ఇది రావచ్చు అని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

ఫ్యాను కింద నిలబడి కూడా తువ్వాలుతో మెడ తుడుచుకునే చిన్నకోడలు ఆమె కళ్ళముందు మెదిలింది. నిన్న సూదిలో దారం ఎక్కించలేక, "నువ్వు ఎక్కించవా అక్కా" అని నవ్వేసింది కదా.

లోపల డాక్టరమ్మ రిపోర్టు చూసి మొహం చిట్లించింది. "మాత్ర వేసుకుంటున్నావా అసలు?"

"ఒక్కరోజు మానలేదండీ."

"ఎలా వేసుకుంటున్నావ్?"

చెప్పింది. డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఐరన్, కాల్షియం, పాలు, అన్నీ కలిపా? అవి ఈ మాత్రని ఒంటికి పట్టనివ్వవమ్మా! లేవగానే పరగడుపున, మంచినీళ్ళతో ఇదొక్కటే వేసుకో. గంట వరకూ ఏమీ వద్దు. ఆ రెండు మాత్రలూ మధ్యాహ్నం తర్వాతే. ఇంకో మాట, అన్నం మానేయకు. పాలిచ్చే తల్లివి. పస్తులుంటే నీరసం వస్తుంది, సన్నదనం రాదు." తర్వాత కలం మూత పెడుతూ, "ఇంకేమైనా అడగాలా?" అంది.

టైలరక్క నోరు తెరిచింది. మా తోడికోడలికి ఇలా ఇలా ఉందండీ అనడానికి ఎంతసేపు?

"ఏం లేదండీ" అని లేచింది.

తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. తనకి తాను రకరకాల కారణాలు చెప్పుకుంది. చెబితే ఏమనుకుంటారు? ఓర్వలేక రోగం అంటగడుతోందనరూ? అత్తగారైతే మొహం మీదే అనేస్తుంది. గోడ మీద పటం చూసి రోగాలు చెప్పడానికి నేనేమైనా డాక్టర్నా? ఈ కారణాలన్నీ నిజాలే. కానీ వాటి అడుగున ఇంకొకటుంది. అది కారణం కూడా కాదు, ఒట్టి కుళ్ళు. ఇన్నాళ్ళూ నేను పడ్డాను, కొన్నాళ్ళు తనూ పడనీ. నన్ను చూసి పాపం అన్నవాళ్ళు తననీ అననీ.

మూడో రోజున చిన్నకోడలు ఏడుస్తున్న బాబు మీద గట్టిగా అరిచి, తర్వాత తనే ఏడ్చింది. ఐదో రోజున హోటల్లో ఎవరితోనో గొడవపడి వచ్చింది. టైలరక్క వింటూ, చూస్తూ, బట్టలు మడతపెట్టుకుంది.

"ఏంటమ్మా, వారం నుంచీ తేలుకుట్టిన దొంగలా ఉన్నావ్?" అని అడిగాడు కాజాల పెద్దాయన.

"ఏం లేదు బాబాయ్, మాత్ర మార్చారు" అంది.

తొమ్మిదో రోజు పొద్దున ఎనిమిదింటికి చిన్నకోడలు బాబుని భుజాన వేసుకుని మెట్లు దిగుతోంది. సగంలో ఆగి, గోడ పట్టుకుని, అక్కడే కూలబడింది. "అక్కా! అక్కా, బాబుని తీసుకో. నా చేతులు ఆగట్లేదు."

టైలరక్క రెండేసి మెట్లు ఎక్కింది. అంత బరువుతో అలా ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. బాబుని లాక్కుని ఓ చంకన వేసుకుని, ఇంకో చెయ్యి ఆమె వీపు మీద వేసింది. చొక్కా తడిసి ముద్దయింది. దాని కింద గుండె, గుప్పిట్లో పట్టుకున్న పక్షిపిల్లలా కొట్టుకుంటోంది. వెన్నుపూసలు ఒక్కొక్కటీ చేతికి తగిలాయి. ఈ వీపుని చూసి నేను ఏడ్చానా అనిపించింది.

అత్తగారు కంగారుగా వచ్చి, "నీరసమే. ఏదైనా తినిపిస్తే సర్దుకుంటుంది" అంది.

"తిండితో పోయేది కాదత్తయ్యా. థైరాయిడ్ అనుకుంటా. నాకు తెలుసు. పిల్లల్ని చూసుకోండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నా."

"నీకున్నది తనకెందుకు వస్తుందే? తను సన్నగా ఉందిగా!"

"అందుకే" అంది టైలరక్క.

డాక్టరమ్మ నాడి చూసి, రక్తం తీయించి, రిపోర్టు వచ్చేదాకా బయట కూర్చోమంది. అదే గది, ఎదురుగా అదే పటం. చిన్నకోడలు కుర్చీ వెనక్కి తల వాల్చి కళ్ళు మూసుకుంది. టైలరక్క ఇక ఉండబట్టలేకపోయింది.

"చిన్నీ, నీ కోటు... నువ్వు అంగుళం బిగించమన్నావ్ కదా. నేను రెండు బిగించాను."

"ఎందుకు?"

"నీకు పట్టకూడదని."

చిన్నకోడలు కళ్ళు తెరిచి, కాసేపు అర్థంకానట్టు చూసి, పకపకా నవ్వింది. గదిలో వాళ్ళంతా తిరిగి చూశారు. "అందుకా! నీ చేతిలో ఏదో మహిమ ఉందని హోటలంతా టాంటాం చేశానక్కా. ఇద్దరు కోట్లు కూడా పంపిస్తామన్నారు!"

క్షమాపణ అంత చవగ్గా దొరికేసరికి, మిగిలిన ఆ తొమ్మిది రోజుల మాటని టైలరక్క ఇంకో రోజుకి వాయిదా వేసుకుంది.

రిపోర్టులో అనుకున్నదే వచ్చింది. కాన్పు తర్వాత గ్రంథి వాచి, ఉన్న సరుకంతా ఒక్కసారిగా ఒంట్లోకి వదిలేస్తోందట. వేరే జబ్బు కాదని తేల్చుకోవడానికి డాక్టరమ్మ ఇంకో పరీక్ష చేయించింది. గుండెదడకి చిన్న మాత్ర ఇచ్చింది. "దీని సంగతి ఇదీ అని ఇప్పుడే చెప్పలేం. కొన్నాళ్ళకి తిరగబడి మీ అక్కలాగే తక్కువైపోవచ్చు. నెలనెలా చూసుకోవాలి" అంది.

నెల తిరిగేసరికి చిన్నకోడలి దడ తగ్గింది. తోడికోడళ్ళిద్దరూ పొద్దున్నే, పిల్లల్ని బండిలో తోసుకుంటూ కలిసి నడవడం మొదలుపెట్టారు. పరగడుపున ఒంటరిగా వేసుకున్న మాత్ర టైలరక్కకి పనిచేస్తోంది. నిద్రమత్తు పోయింది, గొంతు తేటపడింది, ముల్లు మొదటిసారి కిలో వెనక్కి జరిగింది. ఆ సంతోషంలో, ఓ రోజు పార్కు బెంచీ మీద కూర్చుని, ఆ తొమ్మిది రోజుల సంగతి కూడా చెప్పేసింది.

ఈసారి నవ్వు రాలేదు.

"తెలిసి కూడా ఊరుకున్నావా?" అంది చిన్నకోడలు. "మెట్ల మీద బాబు నా చేతుల్లో ఉన్నాడక్కా."

చిన్నకోడలు లేచి, పిల్లాణ్ణి బండిలోంచి తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆరు వారాలు మాటల్లేవు. బాబుని తెచ్చి అత్తగారికి ఇచ్చి వెళ్ళేది. ఎదురుపడితే పక్కకి తప్పుకునేది. నడకకి పక్కింటి నర్సుని తోడు తెచ్చుకుంది. టైలరక్క వాళ్ళ వెనక వంద గజాల దూరంలో ఒంటరిగా నడిచేది. ముందు ఆ ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటుంటే, ఈమె కడుపులో పాతమంట కొత్తగా లేచింది. ఇప్పుడా మంట చిన్నకోడలి నడుము మీద కాదు, ఆ నర్సు మీద. నా చెల్లితో దానికేం పని? విడ్డూరమే మరి. ఎవరిని చూసి ఏడ్చిందో ఆ మనిషి కోసమే ఏడుస్తోంది.

ఓ మధ్యాహ్నం దుకాణంలో ఇస్త్రీ చేస్తుంటే గుమ్మంలో నీడ పడింది. చిన్నకోడలు. మొహం ఉబ్బి, కళ్ళ కింద నల్లబడి, ఒళ్ళు చేసి ఉంది. టైలరక్క కళ్ళు వాటి అలవాటు కొద్దీ కొలిచేశాయి. నాలుగంగుళాలు పెరిగింది. నిజం చెప్పాలంటే లోపల ఎవరో రెండుసార్లు చప్పట్లు కొట్టారు. టైలరక్క వాళ్ళని కసిరి కూర్చోబెట్టింది.

చిన్నకోడలు స్టూలు మీద కూర్చుని, మొహం చేతుల్లో పెట్టుకుంది. "నిద్ర చాలట్లేదు. చలి. ఏ పని ముట్టుకున్నా ఏడుపొస్తోంది. ఈసారి ఎన్ని రోజులాగి చెబుతావ్, నాకేమైందో?"

"ఇప్పుడే చెబుతా. డాక్టరమ్మ చెప్పిందే జరిగింది, అది తిరగబడింది. నా వైపుకి వచ్చేశావ్" అంది టైలరక్క, ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపి. "బాబాయ్, దుకాణం చూసుకో. ఎవరైనా వస్తే రేపు రమ్మను."

డాక్టరమ్మ రాసిన మాత్ర ఎలా వేసుకోవాలో చిన్నకోడలికి నేర్పింది టైలరక్కే. పొద్దున్నే కింద నుంచి కేకవేసేది, "చిన్నీ! మంచినీళ్ళతో! ఒక్కటే!" అని. పైనుంచి విసుగ్గా, "వేసుకున్నా తల్లీ!" అని జవాబొచ్చేది. అత్తగారు ఇద్దర్నీ చూసి, "ఒకదానికి తక్కువైందంటారు, ఇంకోదానికి ఎక్కువైందంటారు, మళ్ళీ తక్కువైందంటారు. మా కాలంలో పిల్లల్ని కనేవాళ్ళం, అంతే" అనేది. అని, తనూ ఓసారి చూపించుకుంటే మంచిదేమో అని టైలరక్కని చాటుగా అడిగింది.

పిల్లలకి ఏడాది దాటిన ఆరునెలలకి డాక్టరమ్మ చిన్నకోడలి మాత్ర నెమ్మదిగా తగ్గించి ఆపేసింది. ఆపిన రెండు నెలలకి చేసిన పరీక్ష మామూలుగా వచ్చింది. "నీ గ్రంథి కోలుకుంది. ఏడాదికోసారి చూపించుకో చాలు" అని చెప్పి, టైలరక్క వైపు తిరిగి, "నీది అలాంటిది కాదమ్మా. నీ మాత్ర జీవితాంతం ఉంటుంది" అంది.

బయటికి వచ్చి రోడ్డు మీద నాలుగడుగులు వేశారో లేదో టైలరక్క ఆగిపోయింది. "చిన్నీ, నీ మీద నాకు ఒళ్ళు మండిపోతోంది."

"తెలుసు. లోపలే నీ మొహం చూశా."

"నీకు వచ్చింది, పోయింది. నాకు వచ్చింది, కూర్చుంది."

"ఏడువక్కా. చాటుగా కాకుండా నా ఎదురుగా ఏడువు, నాకు భయముండదు" అంది చిన్నకోడలు, ఆమె చేతిలో చెయ్యి వేసి.

ఆ తర్వాత ఏడాదికి చిన్నకోడలికి ఇంకో హోటల్లో పెద్ద ఉద్యోగం వచ్చి, వాళ్ళు ఆ ఊళ్ళోనే వేరే పేటకి మారిపోయారు. టైలరక్క బరువు మెల్లగా, నెలకి అరకిలో చొప్పున, కొన్ని నెలలు అదీ లేకుండా, అరవై ఎనిమిదికి దిగి అక్కడ ఆగింది. పాత అరవై రెండు ఇక రాదని ఆమెకి అర్థమైంది. అర్థమైంది కానీ ఇష్టం కాలేదు. అద్దం ముందు నిలబడే ఆడవాళ్ళని చూసి ఇప్పటికీ లోలోపల గొణుక్కుంటుంది. పని మాత్రం గీత గీసినంతే కుడుతుంది.

మొన్నామధ్య చిన్నకోడలు చూడ్డానికి వచ్చింది. గుమ్మంలో అడుగుపెట్టగానే టైలరక్క కళ్ళు కొలిచాయి. నాలుగు కిలోలు తగ్గింది. రంగు తేలింది. కడుపులో చురుక్కుమంది. అయినా ముందు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఎదురుగా కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది.

"నిద్ర పడుతోందా?"

"పడుతోంది."

"గుండెదడ?"

"లేదు."

"మొన్న పరీక్ష?"

"అంతా మామూలే. రోజూ ఈతకి వెళ్తున్నానక్కా, అందుకే తగ్గా."

"నిజంగా?"

"బాబు మీద ఒట్టు."

"సరే అయితే" అంది టైలరక్క. కుర్చీలో వెనక్కి వాలి, ఆమెని పైనుంచి కిందిదాకా తీరిగ్గా చూస్తూ, ఇక నిశ్చింతగా కుళ్ళుకుంది.